మూడో సిలిండరు

ఐతారం. ఇంకా తెల్లారలే.
నార్సింగి సర్వీస్ రోడ్డు పక్కన
బానెట్లు లేపి నిలవడ్డయి బండ్లు,
పండ్ల డాక్టరు ముంగట నోళ్లు తెరిచినట్టు.

ఫ్లాస్కుల చాయ్ సల్లారుతాంది, ఎవలికీ పట్టదు.
శార్వరి తన టర్బో సంగతి చెప్తాంది,
గాలిల గేర్లు మారుస్తూ.
అది లేచే ముందు రెప్పపాటు ఊకుంటదట,
"తిట్టబోయే ముందు మా నాయనమ్మ ఊకున్నట్టే."
బల్బీర్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని
గాలెంత, పెట్రోలెంత అని
కూరల ఉప్పు సరిజేసినట్టు సరిజేస్తాండు.

నాది ఇరవై రెండేండ్ల హోండా.
ఖైరతాబాద్ ఆఫీసు కిటికీ కాడ నిలవడి
గ్రీన్ ట్యాక్సు కట్టి
రెండుసార్లు దానికి ఆయుష్షు కొన్న.

కింద క్యాటలిటిక్ డబ్బా లేదు.
మూడేండ్ల కింద తీయించిన.
"దమ్ము ఆడుతలేదు భాయ్, గొంతు నొక్కినట్టుంది"
అన్నది నేనే.
మల్లేపల్లిల వజీర్ భాయ్ బోల్టులు ఇప్పి
డబ్బాను ఉర్దూ పేపర్ల చుట్టి చేతిల పెట్టిండు.
"సంభాల్‌కే రఖో. దీంట్ల ప్లాటినం ఉంటది,
నీ పెండ్లి ఉంగరంల కూడా ఉండదు."

ఆ రోజు నుంచి బండి అరిసింది.
ఫ్లైఓవర్ కిందికెళ్లి పోతే
పదో అంతస్తుల లైట్లు వెలిగేవి.
మెచ్చుకోలనుకున్న.

దయాసాగర్ రూల్సు ముచ్చట తీసిండు.
"ముంగట డీసీఎం సూడు,
కాకుల గుంపు లేసినట్టు పొగ. దాన్ని ఆపరు.
నెలకు నాలుగు ఐతారాలు తిరిగే మన మీదనే కన్ను."
అందరం తలలూపినం.
తల ఊపనీకె సులువైన మాట అది.
శార్వరి ఊపలే.
"పక్కింటోడు మెట్ల మీద ఉమ్మేసిండని
నువ్వు పోయి వాని పక్కన ఉమ్మేస్తవా?"
దయా ఏదో గొణిగిండు.
బల్బీర్ కీబోర్డు కాడ వేలు ఆగింది, మల్ల కదిలింది.

నేను మాట్లాడలే.
నా జేబుల పొగ సర్టిఫికెట్ ఉంది.

బంకు మూలకు తెల్ల వ్యాను.
కొమురెల్లి అని పిలగాడు, ముక్కుకు దస్తీ.
"పైపు పెట్టాల్నా సార్?" అనడిగిండు.
అట్ల అడిగితే ఏం చెప్పాల్నో
ఈ ఊర్ల అందరికీ ఎరుకే.
యాభై ఎక్కువిచ్చిన.
పైపు కొక్కానికే ఏలాడుతాంది.
నంబర్ ప్లేటు ఫొటో కొట్టిండు, కాగితం ఎల్లింది: పాస్.
దాని మీది అంకెలు నా బండియి కావు.
ఎవరిదో మంచి బండి.
ఏడ తిరుగుతాందో.

చిల్లర లెక్కవెడుతూ అన్నడు కొమురెల్లి,
వాన వస్తదేమో అన్నట్టు,
"రాత్రి బువ్వ కూడా పెట్రోలు వాసనే వస్తది సార్."

అందుకని మారిన అని చెప్పుకోను.
అటక ఎక్కింది పాత టేబుల్ ఫ్యాను కోసం.
చేతికి ఉర్దూ పేపరు తగిలింది.
ఇంత బరువుండెనా ఇది?

"వాపస్ పెట్టాల్నా? పాగల్ హో క్యా?"
వజీర్ భాయ్ నవ్విండు గాని,
పానాలు తెచ్చిండు.
తుప్పు గీకిండు, కొత్త గ్యాస్కెట్ ఏసిండు.
చాబీ తిప్పిన.
బండి గొంతు తగ్గింది.
ఎదురుంగ గోధుమపిండి గిర్నీ చప్పుడు ఇనవడ్డది.
సైకిల్ మీద తాళంచెవులోడు పోతే ఇనవడ్డది.
ఆ తర్వాత
ఇంజన్ల ఎక్కడ్నో, సన్నగ,
టిక్. టిక్.

పొడుగు స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ మీద పెట్టి
పిడిని చెవికానిచ్చి కండ్లు మూసిండు వజీర్ భాయ్.
"మూడో సిలిండర్. రాకర్ అరిగింది.
కొత్తది గాదు, రెండు మూడేండ్ల దెబ్బ.
అరుస్తాంటే ఎట్ల ఇనవడుతది నీకు?"
సామాను దొరకాలె అన్నడు. దొరికినంక సూద్దామన్నడు.
స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చిండు.
శానా సేపు ఇన్న.

మల్ల ఐతారం నార్సింగిల
నా బండి వస్తే ఎవలూ తల తిప్పలే.
బానెట్ లేపిన.
దయా వచ్చి, "ఏందన్నా, ముసలిదైందా?" అని పోయిండు.
శార్వరి మాత్రం గ్లాసు రోడ్డు మీద పెట్టి
వంగి చెవి దగ్గరికి తెచ్చింది.
"ఏదో అంటాంది," అన్నది.
"అవు," అన్న.
ఇద్దరం అట్లనే వంగి ఉన్నం,
చాయ్ సల్లారుతాంటే.